పెద్దాయన పేరున టికెట్టు

సింగపూరులో, బుకిట్ బటోక్ పేటలో నేను పని చేసిన కొట్టులో, నా స్టూలు మీద ఇప్పుడు నవ్య అనే అమ్మాయి కూర్చుంటోంది. కొత్తగా చేరింది. మొన్న కూరగాయలకి వెళ్తూ పలకరిస్తే, "ఆంటీ, ఇన్నేళ్లు ఎలా చేశారు ఈ పని? బోర్ కొట్టలేదా? అంతా మిషనే చేస్తుంది కదా" అంది. వెనక జనం వరసలో ఉన్నారు, అక్కడ నిలబడి జవాబు చెప్పే వీలు లేదు. అందుకని ఇంటికొచ్చి రాస్తున్నాను. నవ్యే కాదు, లాటరీ కౌంటరు వెనక కూర్చోబోయే వాళ్లెవరైనా చదువుకోవచ్చు.

నాకు ఎవరు ఎప్పుడు జీతం పెంచారో, ఏ పండక్కి ఏ బహుమతి ఇచ్చారో రాయను. అవి మీకెందుకు? ఇద్దరు ముగ్గురు మనుషుల గురించి రాస్తాను. ముఖ్యంగా ఒకాయన గురించి.

అంకెలు ముందు, అక్షరాలు తర్వాత

మాది బొబ్బిలి దగ్గర పల్లె. పెళ్లయి సింగపూరు వచ్చేనాటికి నాకు ఓనమాలు రావు. మా ఆయన ఓడరేవులో మూటలు మోసేవాడు. ఆయన పోయాక టోవా పాయోలో నాలుగిళ్లల్లో పాచి పని చేసి, తర్వాత లిమ్ అనే చీనా ఆయన కొట్టులో కుదిరాను. పేపర్లు, సిగరెట్లు, గొడుగులు అమ్మే చిన్న కొట్టు అది. ఒక మూల లాటరీ కౌంటరు. అంకెలు నాకు బస్సు నంబర్లతోనే వచ్చేశాయి. "అంకెలొస్తే చాలు, అక్షరాలెందుకు లా" అన్నాడు లిమ్. తమిళం, మలయ్, ఇంగ్లీషు కలిపి, ఇక్కడి అలవాటు ప్రకారం మాట చివర 'లా' తగిలించి మాట్లాడేవాడు ఆయన. మొహం ఎప్పుడూ చిరాగ్గా ఉండేది, మనసు మాత్రం మంచిది.

అక్షరాలు నలభై దాటాక నేర్చుకున్నాను. తెలుగువి ఆదివారం బడిలో, చిన్న పిల్లల పక్కన బల్ల మీద మోకాళ్లు పట్టక ఒక పక్కకి ఒరిగి కూర్చుని. ఇంగ్లీషువి నా కూతురు దగ్గర. "అమ్మా, దిస్ వన్ 'బి' లా! ఎవ్రీ టైమ్ యూ టర్న్ ఇట్ అరౌండ్!" అని నెత్తి కొట్టుకునేది. దాని నెత్తి అది కొట్టుకుంది గానీ నా నెత్తికి ఎక్కింది.

నేర్చుకోక తప్పని కారణం ఒకటుంది. కంప్యూటరు కుర్రాళ్లు విమానాల నిండా దిగుతున్న రోజులవి. ఒక సంస్థ కొత్త ఆట తెచ్చింది. గెలిచినవాడికి డబ్బంతా ఒక్కసారి ఇవ్వరు. బతికినన్నాళ్లూ నెలనెలా జీతంలా ఇస్తారు. మనిషి పోయిన నెల నుంచి ఆగిపోతుంది. పెళ్లానికి రాదు, పిల్లలకి రాదు. అందుకని టికెట్టు మీద ఒక్కరి పేరే రాయాలి. రాశాక మార్చడానికి లేదు. గెలిచినవాడు ఏడాదికోసారి ఆ ఆఫీసుకి స్వయంగా వచ్చి, బతికే ఉన్నానని కనపడి వెళ్లాలి. ఆ ఆట తర్వాత ఆపేశారు, మీరు దాన్ని చూసి ఉండరు.

పేరు రాయాల్సిన పని కౌంటరులో ఉన్న నాది. అందుకే అక్షరాలు.

ఆ ఆట పోస్టరు గోడకి అంటిస్తూ లిమ్ నాతో అన్నాడు: "దిస్ వన్ ఐ డోంట్ లైక్. మిగతా టికెట్టు గెలిస్తే నువ్వు ఇంటికి పోతావు. ఇది గెలిస్తే అందరూ నీ ఇంటికొచ్చి కూర్చుంటారు." నేను నవ్వాను. ఆయన నవ్వలేదు.

జీతమున్నవాళ్లు

ఈ జీతం లాటరీకి కూలి మనుషులే ఎగబడతారనుకున్నాను. ముందు ఎగబడింది జీతాలున్న వాళ్లే. ఒక ఫ్లాట్‌లో ఆరుగురు సర్దుకుని ఉండే మన తెలుగు కుర్రాళ్లు, మెడలో ఆఫీసు కార్డులతో, ట్రైన్ దిగి తిన్నగా మా కొట్టుకొచ్చేవాళ్లు. వాళ్లల్లో కిరణ్ అని గుంటూరబ్బాయి ఒకడు.

"ఏం బాబూ, నీ జీతం నా ఏడాది సంపాదనంత ఉంటుంది. నీకెందుకు ఇది?" అన్నాను ఒకసారి.

"ఆరు నెలల కాంట్రాక్టు ఆంటీ. ఐదో నెలొచ్చిందంటే నిద్రుండదు. ఇది తగిలితే మా మేనేజరు మొహం మీదే చెప్పేస్తా."

"ఏమని?"

"అది మీ ముందు అనలేను ఆంటీ."

తర్వాత కంపెనీలు ఒక్కొక్కటే మనుషుల్ని పంపించేసినప్పుడు కిరణ్ కూడా వెళ్లిపోయాడు. వెళ్లేముందు వచ్చి తన గొడుగు నాకిచ్చి వెళ్లాడు. వానాకాలమని. మంచి పిల్లాడు. జీవితాంతం జీతం అన్న మాట వినగానే మనిషి కళ్లల్లో ఒక వెలుగొస్తుంది, అది కూలివాడికీ ఇంజనీరుకీ ఒకటే. ఆ వెలుగుని ఎగతాళి చెయ్యొద్దు. కౌంటరు వెనక కూర్చుంటే ముందు నేర్చుకోవాల్సింది ఇదే.

నలుగురూ ఒక టికెట్టూ

ఆదివారాలు షిప్‌యార్డు మనుషులు వచ్చేవారు. వాళ్లల్లో నలుగురు శ్రీకాకుళం సముద్రపొడ్డు వాళ్లు, ఒక్క ఊరే. పెద్దాయన అప్పలస్వామి. యాభై దాటిన మనిషి, ఓడల పొట్టలకి తుప్పు గీకి రంగు వేసేవాడు. రెండో మనిషి రమణ, ఆయన అక్క కొడుకు. మాటలన్నీ రమణవే. మిగతా ఇద్దరూ అన్నదమ్ములు, తలలూపేవాళ్లు.

మా వైపు యాస వినపడగానే నాకు ప్రాణం లేచొచ్చింది. అప్పలస్వామి నన్ను "సెల్లెమ్మా" అనేవాడు. ఆయన సింగపూరొచ్చింది ఒక్కందుకే: సొంత పడవ కొనుక్కోవాలి. చిన్నప్పట్నుంచీ పరాయి పడవల మీదే వేటకి వెళ్లాడు. పడవ గురించి అడిగితే చాలు, ముక్కు ఇంత ఎత్తు, రంగు నీలం, అంచు పసుపు అని చేతుల్తో గాల్లో గీసి చూపించేవాడు.

నలుగురూ తలో కొంచెం వేసుకుని ఆ టికెట్టు అడిగారు. పేరెవరిదని అడిగాను.

"మావదే రాయండాంటీ" అన్నాడు రమణ, అదీ ఒక ప్రశ్నేనా అన్నట్టు.

"ఒరే, నాను ముసిలోణ్ని. నీ పేరు రాయించు" అన్నాడు అప్పలస్వామి.

"ఏటి మావా అలగంతావు? కొత్త వల కడితే ముందు ఎవుడేస్తాడు? కొత్త పడవ ఎవుడు దించుతాడు? పెద్దోడే గదా. నువ్వుండగా నా పేరెట్టుకుంటే మా అమ్మ నన్ను గడప తొక్కనిస్తాదా?"

అన్నదమ్ములిద్దరూ తలలూపారు. వాళ్ల ఊళ్లో అదే ఆచారం. వల గానీ పడవ గానీ, మొదటిసారి పెద్దవాడి చేతి మీదుగానే నీళ్లల్లో పడాలి. కొత్త పడవైతే పెద్దవాడు ముక్కు మీద కూర్చుని సముద్రం లోపలిదాకా వెళ్లాలి. లేకపోతే గంగమ్మ తల్లికి కోపం. అది మర్యాద, అందులో తప్పు పట్టడానికి లేదు. బతికినన్నాళ్లూ వచ్చే డబ్బుకి వయసులో చిన్నవాడి పేరు పెట్టాలని ఆ నలుగురిలో ఎవరికీ తోచలేదు. ఊరి నుంచి వచ్చిన దాన్ని, నాకూ తోచలేదు. వాళ్లు చేసింది సరిగ్గానే ఉందనిపించింది. పొడుగు పేరు, ఇంగ్లీషులో ఒక్కో అక్షరం కూడబలుక్కుని రాశాను. పెద్దాయన ఒంగి చూసి, "నా పేరు ఇంత పొడుగుంతాదా?" అని ముచ్చటపడ్డాడు.

అది గెలిచింది.

ఆ ఆదివారం నలుగురూ కొట్టు ముందు నిలబడి ఏడ్చారు. ఆ తర్వాత రమణ చేసిన మొదటి పని ఏమిటో చెప్పనా? పెద్దాయన చొక్కా జేబులోంచి బీడీ కట్ట తీసి చెత్తబుట్టలో వేశాడు.

"ఒరే!" అన్నాడు పెద్దాయన.

"ఇంక కాల్సకు మావా. నీ ఊపిరి ఇప్పుడు నీదొక్కడిదే కాదు."

అందరం నవ్వాం. లిమ్ కౌంటరు వెనక పేపరు మడత పెడుతూ నావైపు చూశాడు. 

బతికున్నాడని చూపించడం

నలుగురూ ఊరెళ్లిపోయారు. నెల డబ్బు పెద్దాయన ఖాతాలో పడేది, నలుగురి ఇళ్లకీ సమంగా వెళ్లేది. ఆ విషయంలో వాళ్ల మధ్య ఎప్పుడూ మాట రాలేదు. దొంగలు కారు, దురాశ మనుషులూ కారు. ఇది రాస్తున్నది అందుకే. దురాశ మనుషుల కథైతే ఇంత బాధ ఉండదు.

ఏడాది తిరిగాక రమణ పెద్దాయన్ని వెంటబెట్టుకుని వచ్చాడు. ఆఫీసులో మాట సాయానికి నేనూ వెళ్లాను. మనిషి మారిపోయాడు. నల్లటి ఒళ్లు కాస్త తేలింది, పొట్ట వచ్చింది, కాళ్లకి తెల్లటి మేజోళ్లు. ఆఫీసులో చీనా అమ్మాయి పాస్‌పోర్టు చూసి, మొహం చూసి, "వా, అంకుల్ సో స్ట్రాంగ్" అంది నవ్వుతూ.

"ఏటంతాది?" అన్నాడు.

"గట్టిగా ఉన్నావంటోంది అన్నయ్యా."

"ఉప్పుసేపని సూసి తాజాగా ఉందన్నట్టుంది."

బయటికొచ్చి కాఫీ షాపులో కూర్చున్నాం. రమణ టీ చెప్పడానికి వెళ్తూ, "మావకి పంచదార ఎయ్యొద్దని సెప్తాను" అన్నాడు. అతను అటు వెళ్లగానే పెద్దాయన నావైపు ఒంగాడు.

"సెల్లెమ్మా, నీ కప్పు నాకియ్యి."

ఇచ్చాను. రెండు గుక్కల్లో తాగి, కప్పు నా ముందు పెట్టేసి, పెదాలు తుడుచుకున్నాడు.

"పడవ కొన్నావా అన్నయ్యా?" అన్నాను.

"కొన్నాను. నీలం రంగు. పసుపు అంచు."

"మరి వేట ఎలా ఉంది?"

 టీ పట్టుకొచ్చిన రమణే చెప్పాడు. "వేటేటాంటీ? ఈ వయసులో సంద్రం మీదకి ఎలగ పంపుతాం? ఆ మద్దెనే అలకి ఇద్దరు పోనారు. మావకేటి అవసరం? కూకుని తినమన్నాం."

"మరి పడవ మీరు తీసుకెళ్లొచ్చు కదా?"

ముగ్గురు పడుచువాళ్లున్నారు కదా అని అడిగాను. రమణ నన్ను వింతగా చూశాడు. "కొత్త పడవ గదాంటీ. పెద్దోడు దించకండా మేమెలగ దించుతాం?"

అప్పుడు నాకర్థమైంది. ఆయన దించితేనే పడవ కదలాలి. ఆయన్ని దించనివ్వరు. పడవ ఇసకలోనే ఉంది. పెద్దాయన రెండు మూడు నెలలకోసారి దానికి కొత్తగా రంగు వేస్తున్నాడు. ఓడలకి రంగు వేసిన చెయ్యి, పని బాగా చేస్తాడు. రంగు ఎక్కడ పోయిందని వేస్తున్నాడో గానీ, నీళ్లు తగలని పడవకి రంగు పోదు.

"మీ వదిన కూడా అంతే సెల్లెమ్మా" అన్నాడు తన భార్య గురించి. "రేవులోకెల్తే వెనకాల ఇద్దరు గుంటల్ని తోలుతాది, తాత నీళ్లల్లో దిగితే కేకెయ్యండని. ఐసు గడ్డని ఊక బుట్టలో కప్పెట్టినట్టు కప్పెట్టీసినారు నన్ను. కరగకూడదు. అంతే."

రమణకి ఆ మాట తగిలింది. "నీకేటి తక్కువ సేసినాం మావా?"

"ఏటీ తక్కువ సెయ్యలేదురా. అదే సెప్తన్నాను."

పేరు మార్పు

ఆ తర్వాత రెండేళ్లూ అలాగే వచ్చి వెళ్లారు. నాలుగో ఏడు వచ్చినప్పుడు ఆఫీసు మెట్ల దగ్గర పెద్దాయన ఆగిపోయాడు. లోపలికి రానన్నాడు. కడ్డీ పట్టుకుని నిలబడ్డాడు.

"నాను ఎల్లకపోతే ఏటవుతాది సెల్లెమ్మా?"

"డబ్బు ఆపేస్తారు."

"సచ్చిపోనానని రాసుకుంటారా?"

"కనపడకపోతే అంతే కదా అన్నయ్యా."

"అయితే ఆలని రాసుకోమను. సచ్చిపోనోణ్ని సంద్రం మీదకెల్లొద్దనీవోడు ఎవుడుంతాడు?"

రమణ మొహం పాలిపోయింది. అతను పిల్లల్ని ఊరవతల పెద్ద బడిలో వేశాడు, ఇంటికి స్లాబు సగం వేశాడు. షిప్‌యార్డు పని వదిలేసి ఏళ్లయింది. పర్మిట్టు మళ్లీ రావాలంటే ఏజెంటు కాళ్లు పట్టుకోవాలి. అయినా అతను ఇల్లు గురించి, బడి గురించి ఒక్క మాట ఎత్తలేదు. మెట్టు మీద కూలబడి, "మావా, నువ్వు పోతే నానేటైపోతాను?" అన్నాడు. అందులో డబ్బెంతో, ప్రేమెంతో నేను చెప్పలేను. అతనికే తెలియదు. ఇలాంటి డబ్బులో ఉన్న పాడు గుణం ఇదే: మనిషి మీద బెంగనీ జీతం మీద బెంగనీ కలిపేస్తుంది, తర్వాత ఎంత ఏరినా రెండూ విడిపడవు.

పెద్దాయన నావైపు తిరిగాడు. "ఒక్క పని సెయ్యి సెల్లెమ్మా. నా పేరు కొట్టీసి రమణ పేరు రాస్తారేమో అడుగు. నలుగురిళ్లూ గడుస్తాయి. నన్నొగ్గీమను."

లోపలికెళ్లి అడిగాను. ఆ చీనా అమ్మాయి పాపం శ్రద్ధగా విన్నది. పై అధికారిని కూడా పిలిచింది. ఆయన మర్యాదగానే చెప్పాడు: పేరు ఒక్కసారే. ప్రాణం ఎవరిదో జీతం వాళ్లదే. మార్చడానికి అసలు దారే లేదు. నేను ఆ ఉద్యోగంలో ఎన్నో మాటలు ఇటు నుంచి అటు, అటు నుంచి ఇటు మార్చి చెప్పాను. ఆ మాట బయటికి మోసుకురావడమంత బరువు ఇంకేదీ లేదు.

"కుదరదంట అన్నయ్యా."

 కింద మెట్టు మీద రమణ తల వంచుకుని కూర్చునున్నాడు. పెద్దాయన వెళ్లి అతని తల మీద చెయ్యి వేశాడు.

"లెగరా. పెద్దోణ్నని ముందెట్టినారు. పెద్దోడు ముందు నడవాల, బుట్టలో కూకోకూడదు. ఏటి సేత్తాం, నా రాత బుట్టలోదే అయ్యింది. పద, ఎల్దాం."

లోపలికెళ్లాడు. కుర్చీలో నిటారుగా కూర్చుని, అడక్కుండానే మొహం చూపించాడు. "అంకుల్ స్టిల్ స్ట్రాంగ్" అంది ఆ అమ్మాయి. ఈసారి ఏమందని ఆయన నన్ను అడగలేదు.

కాఫీ షాపులో రమణ తనంతట తనే రెండు చెంచాల పంచదార వేయించి తెచ్చి ఆయన ముందు పెట్టాడు. పెద్దాయన తాగలేదు. చల్లారేదాకా చూస్తూ కూర్చుని, "ఒద్దురా, నీకే మంచిది కాదు" అన్నాడు.

అప్పుడు నేనేం చెయ్యాల్సింది అని చాలాసార్లు ఆలోచించాను. ఆయన్ని లోపలికి వెళ్లొద్దని చెప్పాల్సిందా? అది నా నోటితో చెప్పాల్సిన మాట కాదు. కౌంటరు మనిషి ఎవరి బతుకూ ఎవరికీ నిర్ణయించకూడదు, ఈ ముక్క గట్టిగా నమ్ముతాను. కానీ ఇప్పుడు కొత్తగా వచ్చే వాళ్లకి ఒకటి చెప్తాను. నలుగురు కలిసి ఒక టికెట్టు కొంటుంటే మనకెందుకని ఊరుకోవద్దు. "గెలిస్తే ఏం చేస్తారు" అని అందరూ అడుగుతారు, అది వదిలెయ్యండి. "గెలిచాక మీరొకరికొకరు ఏమవుతారు" అని అడగండి. విసుక్కుంటారు. విసుక్కోనివ్వండి.

పడవ

మరుసటేడు వాళ్లు రాలేదు. నెలలు గడిచాయి. ఈలోగా లిమ్ గారికి కళ్లు మందగించి కొడుక్కి కొట్టప్పజెప్పాడు. ఆయన వెళ్లేరోజు, "నీ అన్నయ్య వచ్చాడా?" అని అడిగాడు. లేదన్నాను. "మ్‌మ్" అని తల పంకించి, నా స్టూలు కాలు వదులైందని తనే వంగి మేకు కొట్టి వెళ్లిపోయాడు.

ఒక ఆదివారం మధ్యాహ్నం రమణ వచ్చాడు. ఒక్కడే. నుదుటి మీద నూనె మరక, కాళ్లకి మళ్లీ షిప్‌యార్డు బూట్లు. చూడగానే తెలిసిపోయింది. వరసలో నిలబడి తన వంతు వచ్చేదాకా ఆగాడు. కౌంటరు పక్కకి పిలిచి స్టూలు మీద కూర్చోబెట్టి మంచినీళ్లిచ్చాను.

"నిద్దట్లోనే పోనాడాంటీ. డాక్టరు ఎదరింట్లోనే ఉన్నాడు. రోజూ బీపీ సూసీవోడు. అన్నీ బాగున్నాయన్నాడు ముందు రోజు కూడా."

 అతనే చెప్పుకుపోయాడు.

"బూడిదెత్తినాక సంద్రంలో కలపాల గదా. ఎవుడి పడవలో ఎల్దాం అని అడిగినారు ఊరోళ్లు. మావకి పడవుంది గదా అన్నాను. కొత్త పడవ, పెద్దోడు దించకండా ఎలగా అన్నారు." గ్లాసు కింద పెట్టాడు. "బూడిద కుండ మావ కూకోవాల్సిన సోట ముక్కు మీద ఎట్టినాం. మేం ముగ్గురం ఎనకనుంచి తోసినాం. నాను దించనేదు, ఆయనే దించినాడు. సరే గదాంటీ? ఆయనే దించినట్టు గదా?"

"ఆయనే" అన్నాను.

"ఎంత తేలిగ్గా ఎల్లిందో పడవ. అంత రంగేసినాడు గదా, జారిపోయింది. పసుపు అంచు నీళ్లకి ఎంత బాగుందో. అది సూడాలని ఎన్నేళ్లు అడిగినాడాంటీ మమ్మల్ని. ఎన్నేళ్లడిగినాడు."

వెనక మనుషులు గొణుగుతున్నారు. రమణ లేచి మొహం తుడుచుకున్నాడు. చుట్టూ గోడల మీద ఆటల పోస్టర్లు చూశాడు. ఆ పాత జీతం పోస్టరు అప్పటికే తీసేశారు, అంటించిన చోట గోడ తెల్లగా ఉంది.

"ఒక టికెట్టియ్యండాంటీ" అన్నాడు.

ఇలాంటప్పుడు వద్దని చెప్పేది కాదు ఉద్యోగం. "ఏది కావాలి నాయనా?" అన్నాను.

"పేరు రాయక్కర్లేందేదైనా."